ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

2012 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ అనే మూడు మహా ప్రచురణ సంస్థలు కలిసి ఒక జిరాక్స్ షాపు మీద ఢిల్లీ హైకోర్టులో దావా వేశాయి. షాపు పేరు రామేశ్వరి ఫొటోకాపీ సర్వీసెస్. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో ఉండేది. ప్రొఫెసర్లు సిలబస్‌కి కావాల్సిన అధ్యాయాలు గుర్తుపెట్టి ఇస్తే, షాపువాళ్లు అవి కాపీలు తీసి కుట్టి విద్యార్థులకు అమ్మేవాళ్లు. అదీ నేరం. యూనివర్సిటీని కూడా ప్రతివాదిగా చేర్చారు. ఆక్స్‌ఫర్డ్ ప్రచురించే రచయితల్లో ఒకరైన అమర్త్య సేన్ ఇది మానుకోండని ప్రచురణకర్తలకు బహిరంగంగా చెప్పినా, కేసు నాలుగేళ్లు నడిచింది. 2016 సెప్టెంబర్ 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా తీర్పు ఇచ్చారు. కాపీరైట్ దైవదత్తమూ కాదు, సహజహక్కూ కాదు, చట్టం ఎంతిస్తే అంతే. చదువు చెప్పడం కోసం తీసే కాపీకి చట్టంలోనే మినహాయింపు ఉంది అన్నది దాని సారాంశం. డివిజన్ బెంచి కొన్ని వాస్తవాలు విచారించాలని కేసును వెనక్కి పంపింది గానీ, చట్టం విషయంలో దాదాపు అదే మాట అంది. 2017లో ప్రచురణకర్తలే దావా వెనక్కి తీసుకున్నారు.

మనమంతా చప్పట్లు కొట్టాం. కొట్టాల్సిందే. కానీ ఆ కేసు మన బుర్రల్లో ఒక బొమ్మ గీసి పోయింది. ఒకవైపు లండన్ కంపెనీ, ఇంకోవైపు పేద విద్యార్థి. పుస్తకానికి తాళం వేసేవాడు ఎప్పుడూ పరాయివాడే, లాభం కోసమే వేస్తాడు. తెలుగులో చదువుకునే విద్యార్థి విషయంలో ఈ బొమ్మ శుద్ధ తప్పు. వాడి పుస్తకానికి తాళం వేసింది ఆక్స్‌ఫర్డ్ కాదు. మన ప్రభుత్వం. అదీ లాభం కోసం కాదు, ఊరికే. తాళం వేశామన్న సంగతి కూడా మర్చిపోయి.

తెలుగు అకాడమీ 1968లో పుట్టింది. అప్పటి విద్యామంత్రి పి.వి. నరసింహారావు దానికి తొలి అధ్యక్షుడు. అదే ఏడాది జాతీయ విద్యావిధానం వచ్చింది. ప్రాంతీయ భాషల్లో యూనివర్సిటీ స్థాయి పుస్తకాలు రాయించడానికి ఒక్కో రాష్ట్రానికి కోటి రూపాయల దాకా ఇస్తామని కేంద్రం చెప్పింది. కేరళ భాషా ఇన్‌స్టిట్యూట్ పుట్టిందీ ఆ ఏడాదే. అప్పటి కోటి అంటే మాటలు కాదు. ఆ డబ్బుతోనూ, ఆ తర్వాత రాష్ట్రం ఇచ్చిన డబ్బుతోనూ మన అకాడమీ భౌతికశాస్త్రం నుంచి భాషాశాస్త్రం దాకా డిగ్రీ పుస్తకాలు వేసింది. పారిభాషిక పదకోశాలు వేసింది. అవకలనం, సమాకలనం, త్వరణం, ఉష్ణగతిక శాస్త్రం... ఇప్పుడు మనం నవ్వుకునే మాటలూ, నవ్వకుండా వాడుకునే మాటలూ చాలావరకు ఆ పుస్తకాల ద్వారానే క్లాసురూముల్లోకి వచ్చాయి. (నవ్వేవాళ్లకో మాట. త్వరణం అన్న మాట ఇప్పుడు ఎవరికీ నవ్వు తెప్పించదు. వాడుతూ పోతే అరిగి నున్నబడుతుంది. వాడకపోతే ఏ మాటైనా గొంతులో ముల్లే.)

పాత అకాడమీ పుస్తకం ఏదైనా పట్టుకుని మొదటి అట్ట తిప్పి చూడండి. కేంద్ర ప్రభుత్వ పథకం కింద, ప్రభుత్వ సొమ్ముతో అచ్చయిందని అక్కడ రాసి ఉంటుంది. అక్కడే కాపీరైట్ అకాడమీదని కూడా ఉంటుంది. ఈ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు ఎందుకో ఈ యాభై ఏళ్లలో పెద్దగా కనబడరు. రాసిన ప్రొఫెసర్ జీతం ప్రజలది. పారితోషికం ప్రజలది. కాగితం ప్రజలది. పుస్తకం మాత్రం 'సర్వహక్కులూ' అకాడమీవి!

ఆ హక్కులు పెట్టుకుని అకాడమీ ఏం చేసింది? పుస్తకం అయిపోతే మళ్లీ వెయ్యలేదు. వేసినవి కోరిన ఊళ్లో, కోరిన నెలలో దొరకవు. డిగ్రీ ఫస్టియర్ వాళ్లకి సెమిస్టర్ సగం గడిచాక స్టాకు వచ్చిందన్న కబురు రావడం మా తరానికి మామూలు. ఈలోగా పరీక్ష ఆగదు గదా. అందుకే కోఠీలో గైడు, చౌరస్తాలో ఆల్-ఇన్-వన్, సీనియర్ల నోట్సుకి జిరాక్స్, స్పైరల్ బైండింగ్. ఇప్పుడైతే టెలిగ్రామ్ గ్రూపులు. ఏ మహానుభావుడో లైబ్రరీ ప్రతిని ఫోనుతో పేజీ పేజీ ఫొటో తీసి పెడతాడు. దాని మీద ఏదో కోచింగ్ సెంటర్ తన పేరూ ఫోన్ నంబరూ అడ్డంగా వాటర్‌మార్క్ కొట్టి మళ్లీ వదులుతుంది. ప్రజల డబ్బుతో రాసిన పుస్తకం ప్రజలకి చేరే దారి ఇది. మధ్యలో బొటనవేలు నీడ, మూల మీద కోచింగ్ సెంటర్ నంబరు. పైగా చట్టం ప్రకారం ఇక్కడ దొంగ ఎవరయ్యా అంటే, ఫొటోలు తీసిన ఆ కుర్రాడు.

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. కొమర్రాజు లక్ష్మణరావు గారు, మిత్రులు 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమాల పెట్టి తెలుగులో చరిత్ర, శాస్త్ర విషయాల పుస్తకాలు వేశారు. సర్కారు గ్రాంటు లేదు, చందాదారుల డబ్బు. వాటిలో చాలావాటికి కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది. స్కాన్లు ఉన్నాయి, ఎవరైనా దించుకోవచ్చు, టైపు చేసుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు. అంటే నూరేళ్ల కిందటి ప్రైవేటు పుస్తకం మీద నాకు పూర్తి హక్కుంది. నలభై ఏళ్ల కిందటి సర్కారు పుస్తకం మీద లేదు. మన చట్టంలో ప్రభుత్వ రచనకు కాపీరైట్ ప్రచురించిన ఏడాది తర్వాత అరవై ఏళ్లు. ఆ లెక్కన 1972లో వచ్చిన పుస్తకం 2033 జనవరి ఒకటిన మనదవుతుంది. అప్పటికి దాన్ని చదివి పాసవ్వాల్సిన వాళ్ల మనవలు పరీక్షలు రాస్తుంటారు.

"ఇప్పుడన్నీ ఆన్‌లైన్లో ఫ్రీగా పెడుతున్నారుగా" అంటారు. పెడుతున్నారు, కొన్ని. ఇక్కడే అసలు పేచీ. ఇంగ్లిష్‌లో ఫ్రీ అన్న ఒక్క మాటకి రెండర్థాలు ఉండి, వాళ్లు ఎన్నో ఏళ్లు ఆ గందరగోళంతో కొట్టుకున్నారు. మన అదృష్టం, తెలుగులో రెండు వేరు వేరు మాటలున్నాయి. ఉచితం అంటే డబ్బు అడగను అని. స్వేచ్ఛ అంటే నిన్నసలు అడగనవసరం లేదు అని. పీడీఎఫ్ ఉచితంగా పెట్టినవాడు రేపు తీసెయ్యొచ్చు. వెబ్‌సైట్ మారితే లింకు చస్తుంది. నేను ఆ పుస్తకంలో తప్పు సరిదిద్ది నా క్లాసుకి పంచితే నాదే తప్పవుతుంది. నాలుగో అధ్యాయం ఒక్కటే తీసి, పక్కన ఇంగ్లిష్ పదాలు చేర్చి, పిల్లలకి పది రూపాయల పుస్తకంగా వేస్తే కేసు పెట్టొచ్చు. పెట్టరు, నాకు తెలుసు. కానీ పెట్టరన్న ధీమా మీద ఏ కాలేజీ ఏ పని మొదలుపెడుతుంది? ఒక్క వాక్యంలో, ఈ పుస్తకాన్ని ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, మూలం చెప్పి పంచుకోవచ్చు అని రాస్తే ఇవన్నీ పోతాయి. ఆ వాక్యం పేరే లైసెన్సు. క్రియేటివ్ కామన్స్ వాళ్లు 2002 నుంచీ దాన్ని రాసిపెట్టి ఉంచారు, మనం కొత్తగా కనిపెట్టేది ఏమీ లేదు.

అమెరికాలో ఎంఐటీ తన కోర్సుల పాఠాలు అందరికీ తెరుస్తానని 2001లోనే ప్రకటించింది. టెక్సస్‌లోని రైస్ యూనివర్సిటీ వాళ్లు 2012 నుంచి ఓపెన్‌స్టాక్స్ పేరుతో కాలేజీ పుస్తకాలు వేస్తున్నారు. వాళ్ల భౌతికశాస్త్రం పుస్తకాన్ని రేపు పొద్దున నేను తెలుగులోకి అనువదించి, బొమ్మలు మార్చి, మా ఊరి కాలేజీలో పంచొచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు. టెక్సస్‌లో రాసిన పుస్తకం మీద తెలుగువాడికున్న హక్కు హిమాయత్‌నగర్‌లో రాసిన తెలుగు పుస్తకం మీద లేదు. ఇంతకంటే అవమానం ఇంకేం కావాలో నాకు తెలీదు.

దేశం బయటికి పోనక్కర్లేదు కూడా. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కిందే ఉన్నాయి. అందుకే వాటిని ఇతర భాషల్లోకి తేవడం తేలికైంది. ఢిల్లీ ఓపెన్ యూనివర్సిటీ, అదే ఇగ్నో, తన పాఠ్యపుస్తకాల్ని ఈ-జ్ఞానకోశ్‌లో పెట్టింది. అక్కడ చేరనివాళ్లు కూడా దించుకుని చదువుతారు, సివిల్స్ వాళ్లయితే మరీనూ. మరి దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ ఎక్కడ పుట్టింది? హైదరాబాదులో, 1982లో. ఇప్పటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని తెలుగు పాఠాలు ఒక తరం మంచి అధ్యాపకులు నిమ్మళంగా, పక్కన మాస్టారు లేని విద్యార్థిని తలుచుకుంటూ రాసినవి. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివే ఎవరినైనా అడగండి, వాటి విలువ చెబుతారు. వాటి మీదే 'మార్చుకోండి, పంచుకోండి' అన్న ఆ ఒక్క వాక్యం రాయాలి. సార్వత్రికం అన్న మాట పేరులోనే పెట్టుకున్న సంస్థని అంతకంటే ఏం అడుగుతాం?

ఇక కాస్త నింపాదిగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. సాహిత్యం మనుషులం దీన్ని పట్టించుకోం, చిన్న సాంకేతిక విషయం అనుకుని వదిలేస్తాం. అను ఫాంట్లు.

తెలుగు అచ్చు పుస్తకం అంటే దశాబ్దాలపాటు పేజ్‌మేకర్‌లో అను ఫాంటు. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికినా, మన డీటీపీ సెంటర్లు ఆ వైపు చూడలేదు. చూడకపోవడానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి, ఒత్తులు సరిగా రావు, వేగంగా కొట్టడం కుదరదు. అను ఫాంటులో తెర మీద కనబడేది తెలుగే. లోపల ఉన్నది మాత్రం ఇంగ్లిష్ అక్షరాలూ, పిచ్చి గుర్తులూ. అలాంటి పీడీఎఫ్‌లోంచి ఒక పేరా కాపీ చేసి చూడండి, దయ్యం పట్టిన టైప్‌రైటర్ కొట్టినట్టు వస్తుంది. అందులో ఒక మాట వెతకలేం. ఫోన్లో అక్షరం పెద్దది చేసుకుంటే వాక్యం తెర దాటి పోతుంది తప్ప సర్దుకోదు. స్కాను చేసినదైతే అది కూడా లేదు, బొమ్మ.

చూపులేని విద్యార్థికి ఇది తలుపు మీద తాళం కాదు, అసలు తలుపే లేని గోడ. స్క్రీన్ రీడర్ యూనికోడ్ తెలుగుని చదవగలదు. అను ఫాంటు ముందు పిచ్చి అక్షరాలు వల్లిస్తుంది, స్కాను ముందు మౌనంగా ఉంటుంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, వైకల్యం ఉన్నవాళ్ల కోసం పుస్తకాన్ని వాళ్లకి అందే రూపంలోకి మార్చుకోవచ్చన్నారు. దృష్టిలోపం ఉన్నవాళ్ల కోసం చేసిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఖరారు చేసిన దేశం కూడా మనదే. చట్టం అంత దూరం వచ్చింది. ఫైలు రాలేదు. ఇప్పటికీ ఎందరో పిల్లలు పక్కవాడెవడో చదివి రికార్డు చేసి పంపిన వాట్సాప్ ఆడియోలతో డిగ్రీలు పాసవుతున్నారు. ఆ చదివి పెట్టే స్నేహితులకి దండం. కానీ ఒక విశ్వవిద్యాలయ వ్యవస్థ అలాంటి స్నేహితుడి తీరిక మీద ఆధారపడి నడవడం ఏంటి? ఉచితంగా పెట్టాం అని చెప్పుకునే ప్రతి తెలుగు పీడీఎఫ్‌నీ ముందు ఈ ప్రశ్న అడగాలి. ఇందులో మాట వెతకొచ్చా? దీన్ని గట్టిగా చదివించొచ్చా? రెండూ కుదరకపోతే అది పుస్తకం ఫొటో.

అభ్యంతరాలు నాకు తెలీనివి కావు. వాటిలో ఒక్కటే గట్టిది, అది రచయితలది. పుస్తకాలన్నీ ఉచితమైతే రాసేవాడు ఏం తినాలి? ఈ ప్రశ్న తెలుగు రచయిత అడిగితే నేను తలొంచుకుని వింటాను, ఎందుకంటే వెయ్యి కాపీలు అమ్ముకోడానికి మూడేళ్లు పట్టే భాష ఇది. సొంత డబ్బుతో నవల అచ్చేసుకున్న మనిషి పుస్తకాన్ని పీడీఎఫ్ చేసి గ్రూపుల్లో పంచడం ఉద్యమం కాదు, చేతకాని దొంగతనం. అలా పంచేవాళ్లలో మన పాఠకులు బోలెడుమంది ఉన్నారు, వాళ్లే జ్ఞానం అందరిదీ అని స్టేటస్‌లు పెడుతుంటారు. నేనిక్కడ మాట్లాడేది ఆ పుస్తకం గురించి కాదు. రాయకముందే ప్రజలు డబ్బు కట్టేసిన పుస్తకం గురించి. అకాడమీకి రాసిన అధ్యాపకుడికి ఇవ్వాల్సింది ఇంకా ఎక్కువ ఇవ్వండి, రెండింతలు ఇవ్వండి, అనువాదకుడికీ సంపాదకుడికీ బొమ్మలేసినవాడికీ కూడా ముందే గౌరవంగా ఇవ్వండి. సంకలనంలో బతికున్న కవి పద్యం వేసుకుంటే ఆయనకీ ఇవ్వండి. ఇచ్చేశాక మాత్రం తలుపు తెరవండి.

డబ్బు లేదంటారా? 2021లో తెలుగు అకాడమీ ఫిక్స్‌డ్ డిపాజిట్లు అరవై కోట్లకు పైగా బ్యాంకుల్లోంచి మాయమైనట్టు బయటపడింది. పేపర్లన్నీ రాశాయి, అరెస్టులయ్యాయి. అప్పుడు నాకు దొంగతనం కంటే ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది ఆ అంకె. పుస్తకాలు అచ్చెయ్యాల్సిన సంస్థ దగ్గర అంత సొమ్ము డిపాజిట్లుగా పడి ఉంది! రాష్ట్రం విడిపోయాక ఆ సంస్థ ఆస్తుల పంపకం కోర్టుల దాకా వెళ్లింది. ఆంధ్రలో తెలుగు-సంస్కృత అకాడమీ అయింది, తెలంగాణలో వేరే అకాడమీ. డబ్బు పంచుకోడానికి అంత కొట్లాట. వాళ్ల దగ్గరున్న ఆస్తుల్లో రెండు ముక్కలు చెయ్యకుండానే ఇద్దరికీ మొత్తంగా దక్కగలిగేది ఒక్కటే ఉంది, పుస్తకం. అది మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

కేంద్రం 2024 నవంబర్‌లో వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని ఒక పథకం ఆమోదించింది. మూడేళ్లకి ఆరు వేల కోట్లు. ముప్ఫై మంది అంతర్జాతీయ ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతాయి. పరిశోధన చేసేవాళ్లకి మంచిదే, కాదనను. కానీ అది అద్దె. మూడేళ్ల తర్వాత మళ్లీ కట్టాలి, కట్టకపోతే తలుపు మూస్తారు. అందులో ఒక చిన్న వంతు పెడితే భారతీయ భాషల్లో కాలేజీ పుస్తకాలు సొంత ఇల్లులా శాశ్వతంగా మిగులుతాయి. ఆరు వేల కోట్లలో ఎంత వంతు అని నన్ను లెక్క అడక్కండి. ఒక మంచి పాఠ్యపుస్తకం రాయించి, పరిష్కరించి, బొమ్మలేయించి, యూనికోడ్‌లో పెట్టడానికి ఎంతవుతుందో ఏ చిన్న ప్రచురణకర్తనైనా అడిగితే వేళ్ల మీద చెబుతాడు.

ఇంకో వాదన పాతది, విని విని చెవులు అరిగాయి. ఇప్పుడు తెలుగులో డిగ్రీ చదివేదెవరండీ అని. ఆంధ్రలో 2021–22 నుంచి డిగ్రీ మొత్తం ఇంగ్లిష్ మీడియమే అన్నారు, తెలంగాణలో కూడా పిల్లలు అటే పోతున్నారు. నిజమే. పరీక్ష ఇంగ్లిష్‌లో రాస్తారు. అర్థం చేసుకునేది ఏ భాషలో? యూట్యూబ్‌లో ఇంగ్లిష్ పాఠాన్ని తెలుగులో విడమర్చి చెప్పే మాస్టార్ల వీడియోలకి చూపులు ఎన్నున్నాయో చూడండి, జవాబు అక్కడుంది. ఇంటర్ దాకా తెలుగులో చదివి, డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లిష్‌లో పడ్డ అమ్మాయికి కావాల్సింది ఎడమ పేజీలో ఇంగ్లిష్, కుడి పేజీలో తెలుగు. అలాంటి పుస్తకం చెయ్యడానికి రెండు వైపులా స్వేచ్ఛ ఉన్న పాఠం కావాలి. ఇంగ్లిష్ వైపు ఓపెన్‌స్టాక్స్ ఉంది. తెలుగు వైపు అకాడమీ పుస్తకం ఉంది, బీరువాలో. మీడియం మారిందని తెలుగు పుస్తకం అక్కర్లేకుండా పోలేదు, దాని పని మారింది.

నాణ్యత పోతుంది, ఎవడు పడితే వాడు మారుస్తాడు అనే పెద్దలకి ఒక్కటే మనవి. మార్చుకోవడానికి వీల్లేని ప్రస్తుత ఏర్పాటులోనే కదా, ఒక పుస్తకంలోని అచ్చుతప్పు పదిహేనేళ్లు పదిహేను బ్యాచ్‌ల జవాబు పత్రాల్లోకి ఎక్కింది. అకాడమీ ముద్ర ఉన్న ప్రతి అకాడమీదే ఉంటుంది, నేను మార్చిన ప్రతి నా పేరు మీద ఉంటుంది. మంచిదేదో క్లాసు తేలుస్తుంది.

అడిగేవి పెద్దవి కావు. కొత్త పోర్టల్ వద్దు, మంత్రిగారి ప్రారంభోత్సవం వద్దు, లాగిన్ చెయ్యమని ఆధార్ అడగొద్దు. రెండు ప్రభుత్వాలూ చెరో ఉత్తర్వు ఇచ్చి, ఇప్పటిదాకా ప్రజల సొమ్ముతో వేసిన ఉన్నతవిద్యా పుస్తకాలన్నిటికీ, ఇకపై వేసేవాటికీ ఒక స్వేచ్ఛా లైసెన్సు ప్రకటించాలి. స్టాకు అయిపోయి మళ్లీ అచ్చు కానివాటితో మొదలుపెట్టాలి, వాటి మీద పైసా రాబడి పోయేది లేదు కనక ఎవరి కడుపూ మండదు. పీడీఎఫ్‌లతో సరిపెట్టకుండా అసలు ఫైళ్లు ఇవ్వాలి, అను అయినా సరే, పేజ్‌మేకర్ అయినా సరే. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి, మార్చే కుర్రాళ్లూ ఉన్నారు. 2003 నుంచి తెలుగు వికీపీడియాని జీతం లేకుండా నిలబెట్టిన భాష ఇది, ప్రూఫులు దిద్దడానికి మనుషులు దొరకరా? సెలవుల్లో ఒక్కో తెలుగు శాఖ, ఒక్కో ఫిజిక్స్ శాఖ ఒక్కో పుస్తకం దత్తత తీసుకుంటే చాలు.

తొందర దేనికంటే, ఆ ఫైళ్లు ఎక్కడున్నాయో ఆలోచించండి. చాలావాటికి ఉన్న ఒక్క ప్రతీ ఏ డీటీపీ ఆపరేటర్ పాత కంప్యూటర్లోనో, అకాడమీ మూలగదిలో సీడీల కట్టలోనో ఉండాలి. 1998లో కొట్టిన పేజ్‌మేకర్ ఫైలుని తెరవగల యంత్రం కోసం ఇప్పటికే చిక్కడపల్లి సందుల్లో వెతుక్కోవాల్సి వస్తోంది.